సైన్యం వాడి పారేసిన గొడ్డలి

పాత ఆయుధాలు సేకరించేవాళ్లలో ఎక్కువమంది కత్తుల కోసమో తుపాకుల కోసమో వెతుకుతారు. కొద్దిమంది మాత్రం వేరే దారి పట్టారు. నరకడానికి, కోయడానికి, లాగడానికి, తప్పనిసరైతే పోరాడటానికి సైనికుడి చేతికిచ్చిన బహుళ ప్రయోజన గొడ్డళ్లే వాళ్లకు కావాలి. అవి అంత తేలిగ్గా దొరకవు. ఎందుకు దొరకవో తెలుసుకుంటే, వాటిని ఎలా చూడాలో కూడా తెలుస్తుంది.

అలాంటిదొకటి ముందుగా చూద్దాం. ఇది కత్తా, గొడ్డలా అని అడిగితే ఠక్కున జవాబు చెప్పడం కష్టం. పొడవు సుమారు 17 అంగుళాలు, మూరకు కాస్త తక్కువ. అలుగు మందం అంగుళంలో ఎనిమిదో వంతు. పిడి దగ్గర సన్నగా మొదలై, ముందుకు వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. బరువంతా చివరికి చేరుతుంది కాబట్టి చెయ్యెత్తి వేస్తే గొడ్డలి దెబ్బే పడుతుంది. వీపు వైపు, చివరన, లోపలికి వంగిన పదునైన కొంకి ఉంటుంది. మన తోటల్లో వాడే మచ్చుకత్తికి వంపు ముందుంటే దీనికి వెనక ఉంది. కొమ్మను పట్టి తనవైపు లాగి కోయడమే రెండింటి పనీ. కొసను మాత్రం కావాలనే మొద్దుగా వదిలేశారు. నేల మట్టానికి పొదలు కొట్టేటప్పుడు రాయి తగిలినా అంచు చెడకూడదన్నది ఆలోచన. పిడికి గుండ్రటి తోలు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించారు. వేళ్లకు దెబ్బ తగలకుండా పిడి ముందు ఇనుప పట్టీ వంచి పెట్టారు.

దీని పేరు వుడ్‌మన్స్ పాల్. 1941లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫ్రెడరిక్ ఎర్సమ్ దీన్ని రూపొందించాడు. రీడింగ్ పట్టణంలోని విక్టర్ టూల్ కంపెనీ తయారుచేసింది. ఆ ఏడాది డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. చెట్టూ చేమా కొట్టుకోవడానికి పుట్టిన పనిముట్టు సైన్యం జాబితాలోకి ఎక్కి ఎల్‌సీ-14-బీ అయింది. టెలిఫోన్, రేడియో సంబంధాలు చూసే సిగ్నల్ కోర్ తన సరంజామాకు పెట్టుకునే వరుసలోని పేరది. సైన్యంలోకి వెళ్లినప్పుడు దానితోపాటు ఒక క్యాన్వాస్ ఒర, ఆ ఒరకు కుట్టిన చిన్న జేబు, ఆ జేబులో సానరాయి, వాడకం నేర్పే చిన్న పుస్తకం ఉండేవి.

ఇవాళ సేకర్తలు వెతికేది ఈ మొత్తం కట్టను. అలుగు ఒక్కటే దొరకడం ఒక ఎత్తు. ఒర, రాయి, పుస్తకం అన్నీ కలిసి దొరకడం మరో ఎత్తు.

ఎందుకు మిగల్లేదు?

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు ఖడ్గాన్ని గోడకు తగిలిస్తాడు. శత్రువు దగ్గర దొరికిన బాకును పెట్టెలో దాస్తాడు. పొదలు కొట్టే గొడ్డలిని మాత్రం పెరట్లో పెడతాడు. అక్కడ అది పనిలోకి దిగుతుంది. కంచె వేయడానికి, కట్టెలు కొట్టడానికి, పిల్లలు అడిగితే ఆటలకు కూడా. నాలుగేళ్లకోసారి సాన పడుతుంది. ప్రతి సానకూ అంచు కొంచెం లోపలికి పోతుంది. తోలు బిళ్లలు ఎండి, కుంచించుకుపోయి, ఒకదానికొకటి దూరమవుతాయి. ఒర వానకు తడిసి చీకిపోతుంది. సానరాయి ఎక్కడో పడిపోతుంది. ఇక ఆ పుస్తకమంటారా, దాన్ని దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఒకే పని చేసే వస్తువుకు విశ్రాంతి ఉంటుంది. పది పనులు చేసేదానికి ఉండదు. పదిమంది చేతుల్లో పది పనులకు అరుగుతుంది. వస్తువు ఎంత ఉపయోగకరమైతే అంత త్వరగా మాయమవుతుంది. ఈ గొడ్డళ్లు అరుదు కావడానికి తక్కువ తయారుకావడం ఒక్కటే కారణం కాదు. వాటిని ఎవరూ దాచదగ్గవిగా అనుకోకపోవడం అసలు కారణం. అందుకే ఈ రంగంలో నా అభిప్రాయం గట్టిగా చెబుతాను: పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు నిగనిగలాడేది కనబడితే చూసి సంతోషించండి, కానీ సేకరించడానికి పెట్టుకోవలసింది మాత్రం సైన్యంలో నిజంగా పనిచేసి, ఆ గుర్తులు చెరగకుండా నిలిచినదాన్ని.

వుడ్‌మన్స్ పాల్ విషయంలో ఇంకో చిక్కుంది. దాని తయారీ యుద్ధంతో ఆగలేదు. యుద్ధానంతరం కూడా అదే రాష్ట్రంలో, తర్వాత్తర్వాత బోయర్‌టౌన్ అనే ఊళ్లో, కొద్దిపాటి మార్పులతో తయారవుతూ వచ్చింది. పౌరుల కోసం కర్ర పిడితో, వేళ్ల అడ్డుపట్టీ లేకుండా అమ్మిన రకాలున్నాయి. సైనిక నమూనాలాగే తోలు పిడితో, పట్టీతో చేసినవీ ఉన్నాయి. అలుగు మీద ముద్రించిన తయారీదారు పేరు, ఊరు చదవకుండా ఆకారం చూసి యుద్ధకాలం నాటిదని కొనేస్తే మోసపోతారు. అమ్మేవాడు అబద్ధం చెప్పి ఉండనక్కర్లేదు, అతనికీ తెలిసి ఉండదు.

గొడ్డలి సైనికుడిది ఎప్పటినుంచి?

సైనికుడి మోత ఎప్పుడూ లెక్క ప్రకారమే ఉంటుంది. ఒక వస్తువు రెండు పనులు చేస్తే ఇంకో వస్తువు దింపేయవచ్చు. ఈ లెక్క 1941లో కొత్తగా పుట్టింది కాదు. ఉత్తర అమెరికా అడవుల్లో ఫ్రెంచివాళ్లతో పోరాడిన రాబర్ట్ రోజర్స్ 1757లో తన రేంజర్ దళానికి రాసిన నియమాల్లో సాయంత్రం హాజరు పట్టీ వేళకు ప్రతి సైనికుడి దగ్గరా తుపాకి, 60 తూటాల మందుగుండు, ఒక చిన్న గొడ్డలి ఉండి తీరాలని పెట్టాడు. 1775 జూలైలో, స్వాతంత్ర్య యుద్ధం మొదలైన కొత్తలో, అమెరికా కాంటినెంటల్ కాంగ్రెస్ ప్రజాసైనికుల దగ్గర ఏమేం ఉండాలో సూచిస్తూ తుపాకి, బాయినెట్‌తోపాటు నరికే కత్తి గానీ టొమహాక్ గానీ ఉండాలంది. కత్తి లేకపోయినా ఫరవాలేదు, గొడ్డలి చాలు! కాంగ్రెస్ నుంచి వచ్చిన కాగితం మీద గొడ్డలికి కత్తితో సమానమైన హోదా దక్కడం నాకు ఎప్పుడూ ఆసక్తిగానే ఉంటుంది. అడవిలో రాత్రి గడపాల్సినవాడికి ఆ రెండింట్లో ఏది ఎక్కువ అక్కరకొస్తుందో ఆ పెద్దలకు తెలుసు. కత్తి పోరాటం రోజునే పనికొస్తుంది. గొడ్డలి మిగతా అన్ని రోజులూ పనికొస్తుంది.

టొమహాక్ అమెరికా ఖండపు మూలవాసులది. మొదట రాతితో, కర్రతో చేసుకునేవారు. యూరప్ వర్తకులు ఇనుప తలలు తెచ్చి బొచ్చు తోళ్లకు మార్చుకోవడంతో దాని రూపం మారింది. ఒకవైపు అంచు, ఇంకోవైపు పొగాకు చిలిం, మధ్యలో బోలుగా ఉన్న కామ: పైపు టొమహాక్ అలా పుట్టింది. కొట్టవచ్చు, పొగ తాగవచ్చు, ఒప్పందం కుదిరితే ఇద్దరూ కలిసి ఆ పొగే తాగవచ్చు. బహుళ ప్రయోజనం అంటే ఇంతకు మించి ఏం చెప్పాలి?

అమెరికా పడమటి ప్రాంతాలను అన్వేషించడానికి వెళ్లిన లూయిస్, క్లార్క్ యాత్రలో జరిగిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1804-05 చలికాలమంతా ఆ దళం ఇప్పటి నార్త్ డకోటాలో, మిస్సోరీ నది ఒడ్డున, ఫోర్ట్ మాండన్ అనే కోట కట్టుకుని ఆగిపోయింది. తిండి గింజలు నిండుకున్నాయి. దళంలోని కమ్మరి జాన్ షీల్డ్స్ కొలిమి రాజేశాడు. అక్కడి మూలవాసులైన మాండన్ ప్రజలకు కావలసిన తీరులో యుద్ధపు గొడ్డళ్లు చేసిచ్చి మొక్కజొన్న తీసుకున్నాడు. ఆ గొడ్డలి అలుగు మరీ పలచన, కామ మరీ పొట్టి, అనువుగా లేదని మెరివెదర్ లూయిస్ తన దినచర్యలో రాసుకున్నాడు. కొనేవాళ్లకు మాత్రం అదే కావాలి. కమ్మరి వాళ్ల మాటే విన్నాడు, దళం బతికింది. 1806లో, తిరుగు ప్రయాణంలో, రాకీ పర్వతాలకు అవతల నెజ్ పెర్స్ ప్రజల మధ్య ఉన్నప్పుడు ఆ దళానికి ఫోర్ట్ మాండన్‌లో తాము చేసిన గొడ్డలి కనబడింది. చేతులు మారుతూ మారుతూ అదీ కొండలు దాటి అక్కడికి చేరింది.

సముద్రం మీద లెక్క వేరు. యూరప్ నౌకాదళాలు 18, 19 శతాబ్దాల్లో వాడిన బోర్డింగ్ యాక్స్‌కు ఒకవైపు అంచు, మరోవైపు వంపు తిరిగిన పొడవాటి మొన. శత్రువు ఓడ పక్కలోకి మొన దిగేసి పైకి ఎక్కడానికి మెట్టుగా వాడేవారని చెబుతారు. ఎక్కువ సందర్భాల్లో దాని పని అంతకంటే సాదాది: తెగిపడిన తాళ్లను నరకడం, విరిగిన తెరచాప కొయ్యను వదిలించడం, మంటలంటుకున్న చెక్కలను మొనతో లాగి సముద్రంలోకి తోసేయడం. కొన్నింటి అలుగు కింది అంచున గాట్లుంటాయి, కాలుతున్న తాళ్లను పట్టి లాగడానికి. కర్ర ఓడల కాలంలో నిప్పే అన్నింటికంటే పెద్ద శత్రువు. ఆ గాట్లు చూస్తే, యుద్ధం మధ్యలో ఒక నావికుడు చేసిన పనేమిటో ఏ చరిత్ర పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా అర్థమవుతుంది.

నాలుగు వేల టొమహాక్‌లు

సేకర్తల మధ్య ఇప్పుడు గట్టి పోటీ ఉన్నది మాత్రం ఇంత పాతదానికి కాదు. వియత్నాం టొమహాక్‌కు.

పీటర్ లగానా రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాడు, మొహాక్ మూలవాసుల సంతతివాడు. 1966లో అమెరికన్ టొమహాక్ కంపెనీ పెట్టి, వియత్నాం వెళుతున్న సైనికులకు అమ్మడం మొదలుపెట్టాడు. దాని తల ఉక్కుది. ఒకవైపు వంపు తిరిగిన చిన్న అంచు, మరోవైపు సూదిలాంటి మొన. కామ హికరీ కర్ర. తలకు తొడిగే తోలు ఒర. అధికారికంగా సైన్యం ఇచ్చింది కాదు. సైనికులే తమ డబ్బుతో తెప్పించుకున్నారు. 1970 నాటికి సుమారు నాలుగు వేలు అమ్ముడయ్యాయి, కంపెనీ మూతపడింది.

ఒక యుద్ధానికి లక్షల మంది వెళితే నాలుగు వేల గొడ్డళ్లు ఎంత? అందులో ఎన్ని అడవుల్లో పోయాయో, ఎన్ని తిరుగు ప్రయాణంలో పారేశారో. మిగిలినవాటిలో కామ మారనివి ఇంకా తక్కువ. కర్ర కామ విరగడం గొడ్డలికి మామూలే. 2000 తర్వాత ఆ పేరుతో, ఆ ఆకారంతో తయారీ మళ్లీ మొదలైంది. ఇరాక్, ఆఫ్ఘనిస్థాన్‌లకు వెళ్లిన అమెరికన్ సైనికులు కొందరు ఈ కొత్త తరం టొమహాక్‌లను సొంతంగా కొని వెంట తీసుకెళ్లారు. తలుపులు పగలగొట్టడానికి, వాహనంలో ఇరుక్కుంటే బయటపడటానికి అడవి అక్కర్లేదు కదా. ఇతర కంపెనీలూ అదే పోలికతో చాలా చేశాయి. ఫలితంగా సంతలో కనబడే వియత్నాం టొమహాక్‌లలో ఎక్కువ భాగం వియత్నాం యుద్ధం అయ్యాక పుట్టినవే. అవి చెడ్డవని కాదు. వాటి కథ వేరు, వాటి ధర వేరుగా ఉండాలి.

అరుగుదలను చదవడం

ముద్ర నకిలీ చేయవచ్చు. తుప్పు కూడా నకిలీ చేయవచ్చు. రెండింటినీ కలిపి నమ్మించడం కష్టం. పాత ముద్ర గాడి లోపలికి భూతద్దంతో చూడండి. చుట్టూ ఉన్న ఉక్కు ఎంత ముదురుగా ఉందో గాడి అడుగు కూడా అంతే ముదురుగా ఉండాలి. ముదురు పైపొరను చీల్చుకుని అక్షరాలు లోపల మెరుస్తుంటే ఆ అక్షరాలు నిన్నటివి. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి కొట్టే బాణం గుర్తును బోర్డింగ్ గొడ్డళ్ల మీద చూసినప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి.

తర్వాత అరుగుదల ఎక్కడుందో చూడాలి. కుడిచేతి వాటం మనిషి ఏళ్ల తరబడి వాడిన గొడ్డలి అంచు సమానంగా అరగదు. ఒక మూల ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే చాలా దెబ్బలు ఆ మూలే తింటుంది. పిడి ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా ఉంటుంది. వెనక మొద్దు వైపు సుత్తిలా వాడి ఉంటే అక్కడ ఉక్కు పుట్టగొడుగులా పొంగుతుంది. ఇవన్నీ ఒకదానికొకటి పొత్తు కుదరాలి. అంచు సగం అరిగి, పిడి మాత్రం కొత్తగా ఉంటే పిడి మార్చారన్నమాట. ఒర లోపల గీతలు అలుగు ఆకారానికి సరిపోకపోతే ఆ ఒర ఈ గొడ్డలిది కాదు.

అంచు మీద నీలి, గోధుమ రంగు చారలు కనబడితే విచారించాల్సిందే. ఎవరో కరెంటు సాన మీద ఒత్తి పట్టి నూరారు, వేడికి ఉక్కు పదును దిగిపోయింది. చూపులకు మెరుస్తుంది, వాడితే వంగుతుంది. దానికంటే మొద్దుబారిన పాత అంచు నయం.

ఇక శుభ్రం చేయడం. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది. తుప్పు అంతా ఒకటి కాదు. పొడిపొడిగా రాలే ఎర్ర తుప్పు ఇంకా లోపలికి తింటూ పోతుంది, దాన్ని ఆపాలి. గట్టిగా అంటుకున్న నల్లటి, ముదురు గోధుమ పొర దశాబ్దాల గాలికీ చేతుల తాకిడికీ ఏర్పడింది. ఉక్కుకు అదే కవచం. రెండింటినీ కలిపి గీకి, పాలిష్ చక్రం మీద పెడితే అద్దంలా మెరుస్తుంది, కానీ ముద్ర అంచులు కరిగిపోతాయి, సాన గీతలు పోతాయి, ఎవరు ఎలా వాడారన్న ఆధారం పోతుంది. ఒకసారి పోతే ఎవరూ తిరిగి తేలేరు. ఎర్రటి చోట పలచటి నూనె రాసి, ఒక రాత్రి వదిలి, చాలా సన్నటి ఉక్కు పీచుతో మెల్లగా తుడిస్తే చాలు. ఆపైన మైనపు పొర. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950ల్లో తయారై, ఇప్పటికీ మ్యూజియంలు వాడే రినైజాన్స్ వ్యాక్స్ వంటిది దీనికి బాగా పనికొస్తుంది.

తోలు ఒరలో ఉంచితే భద్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి తోలు ఊనడానికి వాడిన ఆమ్లాలు, అది పీల్చుకునే తేమ కలిసి ఉక్కును తింటాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఇది ఇంకా వేగం. ఒరను, అలుగును పక్కపక్కనే పెట్టండి, ఒకదాంట్లో ఒకటి వద్దు. రాగి, ఇత్తడి రివెట్ల చుట్టూ తోలు మీద వచ్చే పచ్చటి మైనం లాంటి పదార్థాన్ని మెత్తటి కర్రపుల్లతో తీసేయాలి. ఎండిన తోలు పిడి మీద నూనె కుమ్మరించే అలవాటు అసలే వద్దు, మెత్తబడి కుళ్లుతుంది.

చేతులు మారిన దారి

వస్తువుకు గుర్తులెన్ని ఉన్నా, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న సమాచారం లేకపోతే సగమే. కార్న్‌ప్లాంటర్ టొమహాక్ కథ ఇందుకు సాక్ష్యం.

సెనెకా జాతి నాయకుడు కార్న్‌ప్లాంటర్‌కు జార్జ్ వాషింగ్టన్ 1792లో ఒక పైపు టొమహాక్ బహూకరించాడు. అమెరికా కొత్త ప్రభుత్వానికీ ఆ జాతికీ మధ్య సంప్రదింపులు జరుగుతున్న రోజులవి. ఆ తర్వాత అది సెనెకా వాళ్ల చేతుల్లోనే తిరిగి ఈలీ పార్కర్ దగ్గరికి వచ్చింది. పార్కర్ కూడా సెనెకావాడే. అంతర్యుద్ధంలో జనరల్ గ్రాంట్‌కు కార్యదర్శిగా ఉండి, 1865లో అపోమాటోక్స్‌లో దక్షిణాది సైన్యం లొంగుబాటు పత్రాన్ని స్వదస్తూరీతో రాసింది ఇతనే. పార్కర్ చేతికొచ్చేసరికి దాని అసలు కామ లేదు. పూర్వం ఇలా ఉండి ఉంటుందని తలచి మేపుల్ కర్రతో, వెండి పొదుగుతో కొత్త కామ చేయించాడు. 1851లో అది న్యూయార్క్ రాష్ట్ర మ్యూజియానికి చేరింది. 1947కూ 1950కీ మధ్య ఎప్పుడో మ్యూజియంలోంచి మాయమైంది. దాదాపు 70 ఏళ్లు ప్రైవేటు సేకరణల చీకట్లో ఉండిపోయింది. చివరికి పేరు బయటపెట్టని ఒక సేకర్త దాన్ని న్యాయవాదుల ద్వారా 2018లో మ్యూజియానికి తిరిగి ఇచ్చాడు.

ఇందులో ప్రతి మలుపూ సేకర్తకు పనికొచ్చేదే. పార్కర్ మార్పించిన కామ ఇప్పుడు నకిలీ భాగం కాదు, చరిత్రలో భాగం. ఎవరు, ఎందుకు మార్చారో తెలిసింది కాబట్టి. తెలియకపోయి ఉంటే అది ఒక లోపం. ఇక తిరిగి ఇచ్చిన ఆ అజ్ఞాత వ్యక్తి చేసినది సరైన పని. దొంగిలించిన వస్తువు ఎంత అపురూపమైనా అది ఎవరి సేకరణకూ అందం కాదు. మూలవాసుల వస్తువుల విషయంలో ఈ ప్రశ్న మరింత పదునైనది. ఎవరి తాతల చేతుల్లో ఉందో వాళ్ల పిల్లలు దాన్ని చూడగలగాలి.

మన దగ్గర

భారతీయ ఆయుధాల్లో ఒకటికి రెండు పనులు చేసే గొడ్డళ్ల సంప్రదాయం తక్కువదేం కాదు. తబర్ అనే యుద్ధపు గొడ్డలి లోహపు కామలో మర తిప్పి తీసే సన్నటి బాకు దాచిన నమూనాలున్నాయి. ఒకవైపు గొడ్డలి అంచు, మరోవైపు కాకి ముక్కులాంటి మొన ఉన్న తబర్-జాగ్నల్ ఉంది. కచ్ ప్రాంతపు భుజ్ మరీ విచిత్రం: పొట్టి, వెడల్పాటి కత్తి అలుగును నిటారైన లోహపు కామకు బిగించి, రెండూ కలిసే చోట తరచూ ఏనుగు తల మలిచేవారు. కామ అడుగున మర విప్పితే అందులోంచీ ఒక సన్నటి బాకు బయటికొస్తుంది. వీటిలో చాలా వాటికి బంగారు, వెండి పూతల పనితనం ఉంది కాబట్టి జాగ్రత్త పడ్డారు, మ్యూజియాలకు చేరాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్లేవాళ్లు కత్తుల దగ్గరే ఆగిపోకుండా గొడ్డళ్లనూ కాస్త నింపాదిగా చూడాలని నా కోరిక.

పోయినవి పనివాళ్లవి. 1780 సెప్టెంబరులో మద్రాసు సెయింట్ జార్జి కోటలో రెండు పయనీర్ కంపెనీలు ఏర్పడ్డాయి. ఇప్పుడు బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్స్‌కు మూలం అవే. తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఆ దళాల్లో తరతరాలుగా పనిచేశారు. సైన్యం ముందు నడిచి అడవి కొట్టి, బాట వేసి, వాగు మీద వంతెన కట్టడం వాళ్ల వృత్తి. గొడ్డలి, పార, పికాసు వాళ్ల ఆయుధాలు. బ్రిటిష్ పయనీర్లకు 1856లో ఒక కత్తి ఇచ్చారు, వీపు పొడవునా రంపపు పళ్లతో. కోయడానికీ పోరాడటానికీ ఒకటే. ఇప్పుడది సేకర్తలకు ఇష్టమైన వస్తువు. ఫ్రాన్స్‌లో ఏటా జూలై 14న పారిస్ కవాతులో ఫారిన్ లీజియన్ పయనీర్లు గడ్డాలు పెంచుకుని, తోలు ఏప్రాన్లు నడుముకు కట్టి, భుజాన గొడ్డళ్లతో నడుస్తారు. ఒక దేశం తన బాట వేసినవాళ్లను అలా గౌరవిస్తుంది. మన పయనీర్ల గొడ్డళ్లు ఎక్కడ? అవి విరిగేదాకా పనిచేశాయి, తర్వాత కొలిమిలోకి వెళ్లి ఇంకో పనిముట్టయ్యాయి.

సేకరణకు దిగేవాళ్లు చట్టం సంగతి ముందే తెలుసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనల జాబితాలో కత్తులు, బాయినెట్లు, ఈటెలతోపాటు యుద్ధపు గొడ్డళ్లు కూడా ఉన్నాయి. 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు అలుగున్న ఆయుధాలూ ఆ వర్గంలోకే వస్తాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపుంది. పొదలు కొట్టే పనిముట్టా, ఆయుధమా అన్న ప్రశ్న ఇలాంటి వస్తువు దగ్గర సహజంగానే తలెత్తుతుంది కాబట్టి, విదేశం నుంచి తెప్పించే ముందు కస్టమ్స్, పోలీసు అధికారులను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. అమెరికాలో ఉన్న మనవాళ్లు పాతసామాన్ల సంతలో కొని, ఇక్కడి అన్నయ్యకో మేనమామకో పంపించేద్దామనుకుంటే ఈ మాట ముందు గుర్తుంచుకోవాలి. ఇక నూరేళ్లు దాటిన భారతీయ వస్తువులకు 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వ్యక్తులు వాటిని దేశం దాటించడానికి వీల్లేదు, వ్యాపారానికి లైసెన్సు ఉండాలి.

అయితే అన్నింటికంటే సులువైన, చట్టానికి ఏ చిక్కూ లేని సేకరణ ఒకటుంది. అది సమాచారం. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఆ ఊరు సైన్యానికి మనుషుల్ని పంపుతూనే ఉంది. అలాంటి ఊళ్లలో, ఇళ్లలో, సైన్యంలో చేసి వచ్చిన పెద్దవాళ్లు ఉంటే వాళ్లను పతకాల గురించి అందరూ అడుగుతారు. మీరు పనిముట్ల గురించి అడగండి. బాబాయ్, మీ ప్లటూన్‌లో ఒక్కొక్కరికి ఏమిచ్చేవారు? గొడ్డలి ఎంతమందికి ఒకటి? దానికి పదును ఎవరు పెట్టేవారు, దేనితో? కామ విరిగితే కొత్తది వచ్చేదా, మీరే ఏ కర్రతోనో చేసుకునేవారా? బండిలో ఎక్కడ కట్టేవారు? రిటైరై వచ్చేటప్పుడు లెక్క అప్పజెప్పి వచ్చారా, ఏమైనా ఇంటికి తెచ్చుకున్నారా? చెప్పినది చెప్పినట్టు రాసుకోండి, తేదీ వేయండి, యూనిట్ పేరు, పనిచేసిన చోటు వేయండి. వస్తువు ఇంట్లో ఉంటే కొలతలు తీసి, ముద్రల ఫొటో తీసి ఆ కాగితానికి జత చేయండి.